నీళ్లు పోయని డబ్బాలు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క వాక్యమే అది. నేను అన్నదీ ఒక్కసారే. కానీ దాన్ని నమ్మి ఒక మనిషి తన తల్లిని తానే చంపుకున్నాననుకుంటూ బతుకుతున్నాడు. ఎక్కడో కాదు, మా గల్లీలోనే, మా ఇంటికి రెండిళ్ల అవతల. రోజూ పొద్దున ఎదురుపడతాడు. బాగున్నవా అన్నా అని అడుగుతాడు. బాగున్నానంటాను.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలదు. మా ఆవిడకు కూడా ఈ సంగతి తెలియదు. ఆమె నన్ను మంచివాడనుకుంటుంది.

నేను నీళ్ల ట్యాంకర్ డ్రైవర్‌ని. అప్పట్లో ఎల్బీనగర్ దగ్గర ఫ్లైఓవర్ కోసం సిమెంటు పిల్లర్లు లేపుతున్నారు. బండ్లు వాటి మీదికి పోకుండా ముందు వరసగా ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలు పెట్టారు. మీరూ చూసే ఉంటారు. నడుము ఎత్తున ఉంటాయి, పైన మూత, కింద బిరడా. వాటిలో నీళ్లు నింపడం నా పని. ఒకసారి నింపితే అయిపోయేది కాదు. కొన్ని కారిపోతాయి, కొన్నింటికి ఆటోవాళ్లు బిరడా పీకి బండి కడుక్కుంటారు. రెండు మూడు రోజులకోసారి మళ్లీ పోయాలి.

నీళ్లు ఎందుకో నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. మొదటి రోజే ఇంజినీరు సారు చూపించాడు. రెండు లీటర్ల సీసాలు రెండు తెప్పించి, ఒకదాన్ని ఖాళీగా, ఒకదాన్ని నింపి నేల మీద నిలబెట్టాడు. గట్టిగా తన్నమన్నాడు. ఖాళీ సీసా ఎగిరి రోడ్డవతల పడింది, నా కాలికి ఏమీ తెలియలేదు. నిండు సీసాను తన్నితే అది సొట్టపడి, మూతి నుంచి నీళ్లు చిమ్మి, జానెడు దూరం జరిగి ఆగింది. నా కాలూ ఆగింది. బండి వచ్చి గుద్దితే ఆ దెబ్బను నీళ్లే తింటాయని చెప్పాడు. కదులుతూ, చిమ్ముతూ బండిని మెల్లగా ఆపుతాయి, ఆ మెల్లగా అన్నదాంట్లోనే లోపలి మనిషి ప్రాణం ఉంటుంది, ఖాళీ డబ్బా ఉత్త బొమ్మ అన్నాడు. నేను తలూపాను. బాగా అర్థమైంది కూడా.

శనివారం సాయంత్రం సూపర్‌వైజర్ స్కూటర్ మీద వచ్చి తనిఖీ చేసేవాడు. వరసలో మొదటి డబ్బాను, చివరి డబ్బాను వేలి కణుపులతో కొట్టి చూసేవాడు. నిండుదైతే చప్పుడు మందంగా వస్తుంది. మధ్యలోవాటిని ఆ ఎండలో ఎవడు కొడతాడు? మొదటిదీ చివరిదీ నింపితే గండం గడుస్తుందని మా డ్రైవర్లందరికీ తెలుసు. దాన్ని మేము మోసం అనుకోలేదు. పని తెలిసినోళ్ల తెలివి అనుకున్నాం.

అది మే నెల. హయత్‌నగర్ అవతల మా కాలనీలో బోరు ఎండిపోయి పది రోజులైంది. బుక్ చేసిన ట్యాంకర్ రాదు. ఆడవాళ్లు ఖాళీ డ్రమ్ములు ఇంటి ముందు వరస పెట్టుకుని కూర్చునేవాళ్లు. పొద్దంతా ట్యాంకర్ నడిపే మొగుడుండి తన ఇంట్లో బిందె బోర్లించి ఉందని మా ఆవిడ దెప్పేది. ఆ దెప్పుడుకు చేశానా? అదొక్కటే కాదు. గల్లీలో గొప్ప అనిపించుకోవాలని కూడా ఉండింది. ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను కదా, అదీ ఒప్పుకోవాలి.

ఆ శనివారం మొదటి డబ్బా, చివరి డబ్బా నింపాను. మిగతా లోడంతా మా గల్లీకి తెచ్చాను. అందరికంటే ముందు డ్రమ్ము పెట్టింది మరియమ్మ. ఆటో నడిపే ప్రభాకర్ తల్లి. మా లాగే నల్గొండ వైపు ఊరి నుంచి వచ్చినవాళ్లు. చర్చికి పోయేవాళ్లు. కోడలు సునీత మూడు నెలల బాలింత, ఇంట్లో పసిబిడ్డ, అందుకని రెండో డ్రమ్ము కూడా నేనే నింపాను. మరియమ్మ నా చెంపలు తడిమి "సల్లగుండు బిడ్డా" అంది. ఆ సాయంత్రం గల్లీలో నేను దేవుణ్ని. నిజం చెప్పొద్దూ, చాలా సంతోషపడ్డాను.

మధ్యలో డబ్బాలు ఖాళీగా ఉన్న సంగతి మరిచిపోలేదు. ఆదివారం పొద్దున్నే ఇంకో లోడు పట్టుకుపోయి నింపేద్దామనుకున్నాను. ఒక్క పూటకు ఏమవుతుంది అనుకున్నాను.

ఆదివారం ఆరున్నరకు అక్కడికి చేరాను. అప్పటికే జనం గుమిగూడారు. ఒక ఆటో మధ్య డబ్బాను గుద్ది, దాన్ని ఎగరగొట్టి, నేరుగా పిల్లర్‌కు కొట్టుకుని నుజ్జయింది. ఎర్ర డబ్బా దూరంగా పడి ఉంది. దానికి పగులు కూడా లేదు. ఆటో వెనక రాసిన పసిబిడ్డ పేరు చూసి గుర్తుపట్టాను. ప్రభాకర్ తల్లిని దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దుటి ఆరాధనకు తీసుకుపోతున్నాడు. లోపలి నుంచి తెల్ల చీర కొంగు బయటికి వేలాడుతోంది.

ఇప్పుడు చెప్పబోయేది ఎనిమిదేళ్లలో నాకు నేను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

జనం ఆటోను లేపుతున్నారు. నేను ట్యాంకర్ పైపు విప్పాను. మిగిలిన ఖాళీ డబ్బాల్లో ఒక్కొక్కదాంట్లో నీళ్లు పోశాను. తర్వాత ఎగిరిపడిన డబ్బా బిరడా కాలితో పీకేసి, దాని చుట్టూ, ఆటో చుట్టూ నేలంతా తడిపాను, గుద్దినప్పుడు నీళ్లు చిమ్మినట్టు కనబడాలని. తెలివి తప్పిన ప్రభాకర్ ముందు, మరియమ్మ వెనక, ఇద్దరూ ఇంకా లోపలే ఉన్నారు. ఆమెకు ప్రాణం ఉండిందో లేదో తెలియదు. నేను చూడలేదు. ఎవరో పెద్దాయన నన్ను తిట్టాడు, "గీ టైంల నీళ్లేంది? జర చెయ్యెయ్" అని. గ్యాస్ బండి, మంట అంటుకుంటుందని చెప్పాను. ఆయన వెంటనే మెత్తబడి నా భుజం తట్టాడు. నాకు సమయానికి బుద్ధి పనిచేసిందని అందరితోనూ అన్నాడు.

పోలీసులు వచ్చి చూశారు. డబ్బాలు నిండుగా ఉన్నాయి, నేల తడిగా ఉంది. డ్రైవర్ తప్పు అని తేల్చారు.

మూడో రోజు దవాఖానకు పోయాను. ఎందుకు పోయానో తెలియదు. చెప్పేద్దామనే పోయానని చాలా ఏళ్లు అనుకున్నాను. కాదేమో. ప్రభాకర్‌కు ఏం గుర్తుందో తెలుసుకోవడానికి పోయి ఉంటాను. తలకు కట్టు, కాలికి రాడ్డు. తల్లిని మట్టి చేసేటప్పుడు కూడా పోలేకపోయాడు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నువ్వు ఆడ ఉన్నవట గదా. ఏమైంది?"

నీకేం యాదికున్నదని తిరిగి అడిగాను.

"చింతలకుంట దాటింది యాదికున్నది. గంతే. గా డబ్బాలల్ల నీళ్లుంటయి గదా అన్నా. బండి ఆగాలె గదా?"

"నిండ ఉన్నయి తమ్మీ," అన్నాను. "నీకే కునుకు పట్టినట్టుంది."

తనే కారణం వెతుక్కున్నాడు.

"రాత్రి బిడ్డ ఏడ్సింది. నిద్ర లేకుండె. అయితే మా అవ్వను నేనే సంపిన."

"ఊకో," అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు.

అసలు అటు ఎందుకు తిరిగాడో నాకు తెలియదు. కుక్క అడ్డొచ్చిందేమో, ఏ లారీయో మీదికొచ్చిందేమో. నిజంగా కునుకే పట్టిందేమో. పట్టినా సరే, నీళ్లు పోయాల్సింది అలాంటివాడి కోసమే కదా? ఎవరో ఒకరు తప్పు చేస్తారనే కదా ఆ డబ్బాలు పెట్టింది? నీళ్లుంటే మరియమ్మ బతికేదా అని నన్ను నేనే ఎన్ని వేలసార్లు అడిగానో. నాకు తెలియదు. కానీ ఆ ప్రశ్న అడిగే హక్కు ప్రభాకర్‌ది. దాన్ని ఆ మంచం దగ్గర నిలబడి నేను లాక్కున్నాను.

ఆ తర్వాత అతను మళ్లీ బండి ముట్టలేదు. కుంటుకుంటూ పోయి నాగోల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు కాపలా కాస్తున్నాడు. సునీత చీరల దుకాణంలో పని చేస్తోంది. అతని అక్క ఆ రోజు నుంచి తమ్ముడి ఇంటి గడప తొక్కలేదు, అమ్మను మింగినోడి ముఖం చూడనంది. పగలు కన్ను మూతపడితే చెంప మీద కొట్టుకుంటాడు. నా కళ్లతో చూశాను. బిడ్డను ఎత్తుకుని కూర్చోమంటే, నిద్రొస్తదేమో, నువ్వే పట్టుకో అని భార్యకు ఇచ్చేసేవాడు.

పోయిన నెల వాళ్లింట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. మమ్మల్నీ పిలిచారు. వాళ్లలో సాక్ష్యం చెప్పడం అని ఒకటుంది. నలుగురి ముందూ నిలబడి తన బతుకులో జరిగింది, తను చేసిన పాపం, దేవుడు చేసిన మేలు చెప్పుకుంటారు. ప్రభాకర్ గోడ పట్టుకుని లేచాడు. నా నిద్ర మత్తుతోని మా అవ్వను పోగొట్టుకున్న అన్నాడు. దేవుడు క్షమించిండంటరు, నన్ను నేను క్షమించుకోలేకపోతున్న అన్నాడు. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, ఆ రోజు మంట అంటుకోకుండా నీళ్లు పోసి తన ప్రాణం కాపాడింది ఈ అన్నే అని చెప్పాడు. అందరూ నా వైపు తిరిగి దేవునికి స్తోత్రం అన్నారు. మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చాప మీద కూర్చున్న వాళ్ల బిడ్డ మాత్రం నన్ను చూడలేదు. తండ్రినే చూస్తోంది. "నానమ్మను నువ్వే సంపినవా డాడీ?" అని అడిగింది. అవును బిడ్డా అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నాలుగడుగుల దూరంలో. లేచి రెండు మాటలు చెబితే చాలు. అతను చేయని పాపాన్ని అంతమంది ముందు ఒప్పుకున్నాడు. నేను చేసినదాన్ని ఒప్పుకోలేక ఇచ్చిన కేకు తిని ఇంటికి వచ్చాను. ఛీ, ఏం మనిషిని నేను?

ఎందుకు చెప్పనని నన్ను నేనే నిలదీసుకుంటే సాకులు వరసగా వస్తాయి. ఆ డబ్బాల్లో పోయాల్సిన నీళ్లు తమ ఇంటి డ్రమ్ముల్లోకే వచ్చాయని తెలిస్తే సునీత ఏమైపోతుంది? ఆ నీళ్లతోనే స్నానం చేసి ఆ తల్లీకొడుకులు బయల్దేరారని తెలిస్తే ప్రభాకర్ తట్టుకుంటాడా? గల్లీలో ఆ నీళ్లు తాగనివాళ్లు లేరు, వాళ్లందరికీ ఈ పాపం పంచాలా? వినడానికి దయలాగే ఉంటుంది. కాదు. అతని మీద దయ ఉంటే ఆ చిన్నపిల్ల అడిగిన రోజైనా నోరు తెరిచేవాణ్ని. నాకు భయం. జైలు భయం, మా ఆవిడ చూపు భయం, పొద్దున ఎదురుపడితే అతను పలకరించడేమోనన్న భయం కూడా. చివరిదే ఎక్కువ. దానికి సిగ్గుపడుతున్నాను.

రేపు చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువ ఎంతో మీరు చూశారు. నన్ను క్షమించమని కూడా అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కటి మాత్రం ఎక్కడైనా సూటిగా రాసి పెట్టాలి.

డబ్బాలో నీళ్లు లేవు. నేను పోయలేదు. మరియమ్మను ఆమె కొడుకు చంపలేదు. ఇన్నేళ్లూ ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఇప్పుడు మీకు కూడా తెలుసు.