బెల్లం నీళ్ళలో రెండు సంతలు

కామారెడ్డిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న నీలం డ్రమ్ము మూత నేను తీసినప్పుడల్లా పక్కింటివాళ్ళు కిటికీ మూసుకుంటారు. వాళ్ళను తప్పుపట్టలేను. పాడైన బెల్లం కలిపిన నీళ్ళలో తుప్పుపట్టిన ఇనుము పది రోజులు నానితే వచ్చే వాసన అంత మంచి వాసనేమీ కాదు, అందులో పులిసిన కల్లు ఉంటుంది, తడి మేకులు ఉంటాయి, అడుగున ఎక్కడో కాస్త చెరుకు తీపి కూడా ఉంటుంది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఎల్లారెడ్డిలో మా పెరడు కళ్ళముందుకొస్తుంది. నేను పాత బెంచి వైసులు కొని, బాగుచేసి, పెట్టెల్లో కట్టి ఊళ్ళకు పంపుతాను. వైసంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను: ఫిట్టరు బల్ల అంచుకు బిగించి ఉండే రెండు ఇనుప దవడలు, మధ్యలో లావుపాటి స్క్రూలాంటి మర, తిప్పడానికి ఒక పిడి. అరగదీయాల్సిన ముక్కనో కోయాల్సిన గొట్టాన్నో ఆ దవడల మధ్య పెట్టి పిడి తిప్పితే ఇక అది కదలదు. ఆడమనిషికి ఇదేం పనమ్మా అని అడిగేవాళ్ళకు, మా బాపు నేర్పిన పని ఇదొక్కటే మరి అని చెబుతుంటాను.

బాపు, అంటే మా నాన్న, ఎల్లారెడ్డిలో రైసుమిల్లు ఫిట్టరు. మిల్లు పని ధాన్యం కాలంలోనే ఉండేది కాబట్టి మిగిలిన నెలల్లో మూతపడ్డ మిల్లులూ, పనిమానేసిన కమ్మరి కొలుములూ, చేతులు వణకడం మొదలైన ముసలి ఫిట్టర్ల ఇండ్లూ తిరిగి పాత వైసులు కొనుక్కొచ్చేవాడు. అవి ఎడ్లబండి మీద, బస్సు టాపు మీద, ఒక్కోసారి సైకిలు క్యారేజీ మీద మట్టీ జిడ్డూ కప్పుకుని వచ్చేవి. వాటిని విప్పి, కిరసనాయిలుతో కడిగి, ముక్కలు ముక్కలుగా గోనెసంచి మీద పరిచిపెట్టి, పెరట్లో ఉన్న సిమెంటు గోలెంలో నానబెట్టేవాడు. గోలెంలో పోసే బెల్లం కూడా తినే బెల్లం కాదు, వానాకాలం చెమ్మకు కారి నల్లబడి ఎవరూ కొనకుండా మిగిలిపోయింది. అది పులియడం మొదలైతే మా పెరటికి చీమలు ఒక దిక్కునుంచీ తేనెటీగలు ఒక దిక్కునుంచీ వచ్చేవి, ఒలికిన నీళ్ళు తాగిన కోళ్ళు మధ్యాహ్నమంతా గోడ నీడన కళ్ళు మూసుకుని కూర్చునేవి. అవ్వ, అంటే మా అమ్మ, అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ, ఈ ఇంట్లో పొగాకు కంపు ఎక్కువనా తుప్పు కంపు ఎక్కువనా తేల్చుకోలేక చస్తున్నానని రోజుకొకసారి అనేది. ఆమె అనడం మానేసిన రోజున మేం ఒంట్లో బాగాలేదేమోనని చూసేవాళ్ళం.

మా వాడకట్టు పిల్లలకు బొమ్మలంటూ పెద్దగా లేవు గాని మా ఇంట్లో వైసులు ఉండేవి. బొంగరం ములికిని దవడల్లో పట్టి ఆకురాయితో రాసి పదును పెట్టేవాళ్ళం, వేయించిన చింతగింజలను పగలగొట్టుకునేవాళ్ళం, ఎవరు ఎక్కువ బిగించగలరో పందెం వేసుకుని పిడికి వేలాడేవాళ్ళం. బాపు చూస్తే కోప్పడేవాడు కాదు, పిడి వదిలిపెట్టేటప్పుడు మెల్లగా వదలండని మాత్రం చెప్పేవాడు. బాగైన వైసుకు నూనె రాసి, చెక్కపెట్టెలో వరిగడ్డి పరిచి పడుకోబెట్టి, పైన గోనెపట్టా చుట్టి, దబ్బనంతో పురికొస కుట్టి, నల్లరంగుతో అడ్రసు రాసేవాడు. పెట్టె కామారెడ్డి దాకా బస్సు టాపు మీద పోయేది. అక్కడి స్టేషన్లో పార్సిలు ఆఫీసు కాటా మీదకెక్కి, నాందేడుకో జాల్నాకో పర్భణీకో రైల్లో వెళ్ళేది. నేను వెంట పోతే స్టేషన్ బయట మిరపకాయ బజ్జీలు కొనిపెట్టేవాడు. రైలు కదిలి పెట్టె కనబడకుండా పోయేదాకా ఆయన బజ్జీ ముట్టేవాడు కాదు. అప్పటికి చల్లారినవే తినేవాడు.

బెల్లం నీళ్ళకు ఒక లెక్క ఉంది. తుప్పును తినేంతవరకు అది మన చుట్టం, తుప్పు అయిపోయాక అది పోత ఇనుమును కూడా మెల్లగా తింటుంది. పైకి ఆకారం అలాగే ఉంటుంది గాని లోపల సారం పోయి ఇనుము మెత్తబడుతుంది. అందుకని పోత ఇనుము రెండు వారాలకు మించి గోలెంలో ఉండకూడదు. మా ఇంట్లో క్యాలెండరు ఉండేది గాని అది దేవుడి బొమ్మ కోసం, లెక్కలన్నీ వారానికొకసారి కూడే సంతలతోనే. పాలవాడికి ఎన్ని సంతల నుంచి ఇవ్వలేదు, గొర్రెకు ఎన్ని సంతల కింద మందు తాగించాం, చిన్నమ్మ పుట్టింటికి వచ్చి ఎన్ని సంతలైంది, అన్నీ అలాగే. పోత ఇనుముకు రెండు సంతలు అంటే అంతే, ఇక ఎవరూ తారీకులు అడగరు.

నాకు పన్నెండేళ్ళప్పుడు బతుకమ్మ మొదలైన రోజుల్లో నిజాంసాగర్ నుంచి రాజన్న తాత వైసు మా ఇంటికి వచ్చింది. ఆయన కాలువ తూముల పని చేసి రిటైరైన ఫిట్టరు. బాపుకు పని నేర్పింది ఆయనే. ఆ వైసు ఇద్దరు మోస్తే గాని లేచేది కాదు. కంపెనీ పేరు ఎప్పుడో అరిగిపోయింది, పిడి మాత్రం ఆయన అరచేతికి సరిపోయేలా నున్నబడిపోయింది. బాపు ఏళ్ళ తరబడి అడిగినా ఇవ్వనివాడు, కళ్ళకు పొర కమ్మి గీత కనబడకుండా పోయాక తనే కబురు పంపాడు. ఒక్కటే షరతు పెట్టాడు.

“తుక్కోనికి పోవద్దు, సోకుకు కొనేటోనికి పోవద్దు. పని జేసుకునేటోనికి పోవాలె.”

జాల్నాలో ఒక చిన్న వర్క్‌షాపు వాళ్ళు అలాంటి పెద్ద వైసు కోసమే చూస్తున్నారు. బాపు వాళ్ళకు ఉత్తరం రాసి, తాతకు మాటిచ్చి, వైసును విప్పి పెద్ద ముక్కలన్నీ గోలెంలో దించాడు. దసరా వచ్చింది. బయట ఉన్న వైసులన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి బంతిపూలు చుట్టాం, గోలెం అంచుకు కూడా రెండు బొట్లు పెట్టాం. అవ్వ చేసిన సత్తుపిండీ మలీదముద్దలూ అప్పటికే అయిపోయాయి గాని, ఆ పూట మటన్ కూరా గారెలూ తిని, జమ్మి ఆకు పంచుకుని, అలాయి బలాయి అంటూ ఒకరినొకరు కౌగిలించుకున్నాం. మరునాడు బాపు నాందేడు దిక్కున ఒక పాత మిల్లు విప్పే పనికి బయల్దేరాడు. మూడు వారాలు పడుతుందన్నాడు. పోయేముందు నన్ను గోలెం దగ్గరికి పిలిచాడు.

“నానవెట్టిన కాడికెళ్లి రెండు సంతలైనంక తియ్యి బిడ్డా. ఒక్క దినం గూడ ఎక్కువుంచకు.”

అంత పెద్ద పని నాకు అప్పజెప్పడం అదే మొదటిసారి. నేను రోజూ పొద్దున లేచి గోలెం మూత తీసి చూసేదాన్ని, నీళ్ళ మీద తెట్టు కట్టెతో పక్కకు తోసేదాన్ని, సంతల కోసం ఎదురుచూసేదాన్ని. ఇక్కడే తప్పు జరిగింది. వైసు నీళ్ళలో పడ్డాక వచ్చిన మొదటి సంత దినం దసరా నాడే పడింది, ఆ రోజు సంత లేదు. ఆ తరువాతి వారం ముసురు పట్టి, నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి, కూరగాయల బండ్లు రాక, సంత కూడలేదు. జరగని సంతను ఎవరు లెక్కపెడతారు? నేను పెట్టలేదు. ఆ పైన రెండు సంతలూ బాగా జరిగాయి. రెండో సంత పొద్దున నేనూ అవ్వా దూలానికి తాడు వేసి ఒక్కో ముక్కనూ పైకి లాగాం.

కొబ్బరిపీచుతో రుద్దుతుంటే నలుపు వస్తూనే ఉంది. తుప్పు నలుపు నాకు తెలుసు, నాలుగు నీళ్ళు పోస్తే పోతుంది. ఇది తడిబొగ్గులా ఎంత రుద్దితే అంత దిగుతోంది. దవడ అంచు మీద గోరు ఆనిస్తే సన్నటి గీత పడింది. ఇనుము మీద గోటి గీత పడడం నేను ఎప్పుడూ చూడలేదు. ఏమైందో తెలియలేదు గాని ఏదో అయిందని తెలిసింది. అవ్వకు చెప్పలేదు. గీత మీద గుడ్డతో గట్టిగా తుడిచి, ఎండలో ఆరబెట్టి, నూనె దిట్టంగా రాశాను. నూనె రాస్తే ఎంత బాగా కనబడిందో.

మధ్యాహ్నం బాపు దిగాడు. భుజం మీది సంచి దించకముందే వైసును చూసి నా తలమీద చెయ్యి వేశాడు. ఆయన కాళ్ళు కడుక్కుని ముక్కలు బిగిస్తుండగానే సంత సంచి పట్టుకుని రాజన్న తాత వచ్చాడు. ముఖం అంతా సంతోషమే. బల్ల దగ్గర నిలబడి దవడల మీద బొటనవేలితో మెల్లగా తడుముకుంటూ పోయాడు. ఆగాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“ఎన్ని దినాలు నానవెట్టినవ్ బిడ్డా?”

“రెండు సంతలు తాతా.”

బాపు చేతిలో పానా ఆగిపోయింది. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. “దసరా నాడు సంత ఏడున్నది? ఆ మీది వారం వానాయె,” అన్నాడు నెమ్మదిగా. నాలుగు వారాలని అప్పుడు నాకు తెలిసింది. తప్పంతా నాదేనని ఏడుపు మొదలుపెట్టాను. గోటి గీత సంగతి కూడా అందులోనే చెప్పేశాను. తాత నా దిక్కు తిరిగాడు.

“ఏడువకు. నేను గూడ గంతే లెక్కవెట్టుకున్న. గందుకే ఇయ్యాల బస్సెక్కిన.”

జాల్నా పెట్టె అప్పటికే చేసి గోడకు ఆనించి ఉంది. బాపు దాని వంక చూశాడు. మా బాపు గొప్పవాడని రాసుకోవాలని నాకూ ఉంటుంది గాని ఆ నిమిషంలో ఆయన అన్నది ఇది: “మీదమీదనే మెత్తవడ్డది కాకా, లోపట గట్టిగనే ఉంటది. రంగేస్తే ఏం గాదు.” గురువుకిచ్చిన మాట, జాల్నాకు రాసిన ఉత్తరం, రెండూ ఆ రంగు మీదే నిలబడాలి మరి.

“ఉంటే మంచిదే. సూద్దాం పట్టు,” అన్నాడు తాత.

నన్ను గుమ్మం దాకా వెనక్కి పొమ్మన్నాడు. దవడల మధ్య లావుపాటి కడ్డీ పెట్టించి, పిడికి ఒక గొట్టం తొడిగించి, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా తనే బిగించడం మొదలుపెట్టాడు. జీవితమంతా తిప్పిన పిడే కదా, చూడకుండానే తిప్పాడు. ఒక చుట్టు, ఇంకో సగం. బాపు చాలు కాకా అన్నాడు. తాత ఇంకొంచెం తిప్పాడు. పెద్ద చప్పుడేమీ రాలేదు. దవడ మొదట్లో విరిగి, ముక్క బల్ల మీద పడి, అక్కడినుంచి కింద పడింది.

తాత గొట్టం తీసి గోడకు ఆనించి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన కళ్ళ నీళ్ళు పొరవల్లనో ఇంకెందుకో నాకు తెలియలేదు, అవ్వ ఇచ్చిన చాయ్ సగం తాగి పక్కన పెట్టాడు.

“నా చేతులల్లనే పలిగింది, మంచిగైంది. ఇంకొకని చేతుల పలిగితే ఆని వేళ్లు పోతుండె. మరకు ఏం గాలే, అది ఉక్కు. ఇంకోదానికెయ్యి.”

బాపు అలాగే చేశాడు. దవడలు బాగుండి మర అరిగిపోయిన వైసు ఒకటి మా దగ్గర ఉంది. దానికి తాత మరను కుదర్చడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఇది రెండు వైసులు కలిపి చేసిన ఒకటి అని జాల్నా వాళ్ళకు ముందే కార్డు రాసి, వాళ్ళు సరేనన్నాకే పెట్టె కట్టాడు. తాత ప్రతి సంతకూ వచ్చి, జాల్నా నుంచి ఏమన్నా వచ్చిందా అని అడిగేవాడు. చివరికి మరాఠీలో కార్డు వస్తే మిల్లు గుమాస్తాతో చదివించాం. బాగా పట్టుకుంటోందని ఒకే వాక్యం ఉంది. ఆయన దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు.

ఆ రోజు నన్ను కొట్టి ఉంటే ఈ పని మీద విరక్తి పుట్టేదేమో. ఎవరూ కొట్టలేదు. తాత పోయాడు, బాపు పోయి తొమ్మిదేళ్ళు. ఎల్లారెడ్డిలో సంత ఇప్పటికీ జరుగుతుంది గాని దానితో రోజులు లెక్కపెట్టేవాళ్ళు లేరు, నా డ్రమ్ముకు కూడా ఫోనులో అలారం పెట్టుకుంటాను. బాపు పెట్టెలు పంపిన మిల్లులూ వర్క్‌షాపులూ చాలావరకు మూతపడ్డాయి. నా దగ్గర ఫోటోలు చూసి ఫోన్ చేసేవాళ్ళు ఏ రంగులో ఉందని అడుగుతారు, ఎంత పట్టుకుంటుందని అడగరు. అయినా పంపే ప్రతి వైసునూ ఒకసారి చివరిదాకా బిగించి చూస్తాను.

పోయిన నెల అలా బిగిస్తుంటే ఒకటి విరిగింది. చాలా పాతది, అందమైనది, హైదరాబాదులో ఒకాయన కొనుక్కున్నాడు. ఫోన్ చేసి జరిగింది చెప్పాను, డబ్బు తిప్పి పంపుతానన్నాను. “నేను హాల్లో షోకేసులో పెట్టుకోవడానికే కదా మేడం, అంత గట్టిగా ఎందుకు బిగించారు?” అన్నాడాయన. విరిగిన దవడ ఫోటో తీసి పంపాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది, ఇది ఇంకా బాగుంది, ఇలాగే పంపించండి అని.

పంపలేదు. ఆయనకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది. విరిగిన ముక్కలు పాత ఇనుము బండికి వేసేసి, మరను మాత్రం తుడిచి, నూనె రాసి, పని చేసుకునేవాళ్ళు ఎవరైనా అడిగితే ఇద్దామని పెట్టుకున్నాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.