ఎర్రద్దం, నీలద్దం, మా మామ

టీవీలు చెక్క తలుపులు మూసుకుని నిద్రపోయే ఆ రోజుల్లో, వాటికి వైరు తగిలించి బొమ్మల్ని పరిగెత్తించగలిగినవాడే మేధావి. ఆ లెక్కన మార్కాపురం మొత్తానికి మేధావిని నేనే. పలకల గోడౌను పక్కగదిలో వీడియో గేమ్‌ల దుకాణం పెట్టాను. (గది అంటే మరీ గది కాదు. నిలబడితే తల కప్పుకు, కూర్చుంటే మోకాళ్ళు టీవీకి తగిలేవి.) కొత్త క్యాసెట్ వచ్చిందని నేను వేసే కేకలకు గిద్దలూరు రైలు కూత చిన్నబోయేది. ఒకసారి మద్రాసు నుంచి కార్ల పందెం గేమ్ తెప్పించాను. దాంతోపాటు అట్ట కళ్ళద్దాలు వచ్చాయి: ఎడమ కంటికి ఎర్ర కాగితం, కుడి కంటికి నీలం. అవి పెట్టుకుంటే కారు తెర చీల్చుకుని ఒళ్ళో వచ్చి పడేది.

ఆ కారు మీదే నా పెళ్ళి ఆధారపడింది. కంభంలో ఉండే మేనమామ కూతుర్ని తప్ప ఇంకెవరినీ చేసుకునే ఉద్దేశం నాకు లేదు. పిల్లకాయల చేత బొమ్మలాడించేవాడికి పిల్లనిచ్చే ఉద్దేశం మామకు లేదు. మా అమ్మ తమ్ముడి గడ్డం పట్టుకుని బతిమాలితే, ముందు దుకాణం చూస్తానని, బట్టలు కొనే పని కూడా పెట్టుకుని, కూతురితో సహా వచ్చాడు.

మామ సంగతి ఒకటి చెప్పాలి. వయసులో ఉండగా పలకల గనిలో రాయి పెచ్చు ఎగిరిపడి ఆయన కుడి కంటి చూపు పోయింది. ఆ మాట మావాళ్ళెవరూ నోటితో అనరు. మంచినీళ్ళిచ్చినా ఎడమవైపు నుంచే ఇస్తారు, నడిచినా ఎడమవైపే నడుస్తారు. భోజనాల బంతిలో ఆయన కుడిపక్కన కూర్చునే హక్కు గోడకొక్కదానికే. ఉయ్యాల్లో బిడ్డకు కూడా తెలిసిన ఈ మర్యాద నాకూ తెలుసు. కానీ ఆ రోజు నా బుర్ర నిండా కార్లే.

మామకు అద్దాలు తగిలించి గేమ్ పెట్టాను. తలుపు దగ్గర అమ్మ, ఆమె వెనక మరదలు.

"అంతా ఎర్రగా ఉండాది అల్లుడా," అన్నాడు మామ.

"కారు మీదికి రాలేదా మామా?"

"యాడికీ రాలేదు. ఆడనే ఉండాది."

ఇక నాలోని శాస్త్రవేత్త లేచి నిలబడ్డాడు. దేవుడు మనిషికి రెండు కళ్ళు ఎందుకిచ్చాడో, రెండు చూపులూ కలిస్తేనే లోతు ఎట్లా తెలుస్తుందో, ఒక్క కంటితో చూస్తే లోకమంతా పలకలాగా ఎంత చదునుగా ఉంటుందో పలకల ఊరంతా వినపడేట్టు ఉపన్యసించాను. అమ్మ దగ్గింది. ఇంకాస్త గట్టిగా దగ్గింది. (ఉక్కపోతేమో అనుకుని ఫ్యాను వేశాను.) ఆ తర్వాత, నీలం కాగితం పనిచేస్తుందో లేదో తేల్చడానికి, "మామా, ఎడమ కన్ను మూసి చూడు," అన్నాను.

మామ బుద్ధిగా మూశాడు.

"మూసినాను అల్లుడా. ఇప్పుడు నీ కారూ లేదు, నీ దుకాణమూ లేదు."

అప్పటికి వెలిగింది నాకు. టీవీ వెనక దూరదామని చూస్తే అక్కడ వైర్లకే చోటు లేదు. తలుపు చాటున మరదలు ఓణీ నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. నా పెళ్ళి పెటాకులైందనుకుని నేను గేమ్ ఆపేస్తుంటే, మామ గడప దిగుతూ అమ్మతో అన్నాడు: "నాకు కన్ను లేదన్న సంగతి మర్చిపోయినోడు మనోళ్ళల్లో వీడొక్కడే అక్కా. అందరూ ఎడమపక్కనే ముసురుకుంటే ఊపిరాడక చస్తాండా. పిల్లనిస్తాలే. ఆ దుకాణం మాత్రం మూయించు."

పెళ్ళయింది, దుకాణం పోయింది. మొన్న మా అమ్మాయి అరచేతిలో పట్టే గేమ్ మిషన్ ఒకటి తెచ్చింది. అందులో అదే కార్ల పందెం. కొత్త రంగులద్ది మళ్ళీ విడుదల చేశారట. అద్దాల పని కూడా లేదట, ఊరికే చూస్తే చాలు, కారు మీదికొస్తుందట. చూశాను. నా కుడి కంట్లో ఈమధ్య శుక్లం వచ్చింది. కారు ఆడనే ఉంది. అయినా పరువు కోసం, గుద్దేస్తుందన్నట్టు తల పక్కకు తిప్పాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, కుర్చీ చుట్టూ తిరిగొచ్చి, నా ఎడమవైపు పెట్టింది.

"ఏదీ, ఎడమ కన్ను మూసి చూడు," అంది.

మూశాను. కారూ రోడ్డూ పొగమంచులో కలిసిపోయాయి. ఆనాటి తలుపు చాటు నవ్వు మాత్రం తెర చీల్చుకుని ఒళ్ళో వచ్చి పడింది.