రెండూ ఒకటేనన్న చిన్నాయన

యాభైల నాటి సంగతి. పత్తికొండలో ముసురు పట్టి మా మట్టిమిద్దె మొత్తం కూలిపోయింది. పక్కింట్లో చిన్నాయనకు ఒక గోడ మాత్రం నెర్రెలిచ్చింది. నాకు ఇంగ్లీషు నేర్పిన ఆయనే సాయం కోసం సర్కారుకు రెండిళ్ల అర్జీలూ రాసినాడు.

"మాది డ్యామేజ్ అని, మీది డిస్ట్రాయ్ అని రాసినావేం చిన్నాయనా?" అని అడిగినాను.

"రెండూ ఒకటేలేమ్మా" అన్నాడు. నమ్మి, నేనే నాయనతో వేలిముద్ర వేయించినాను.

తాలూకాఫీసులో కొత్త దూలాలు చిన్నాయనకే ఇచ్చినారు. "నీది కొంచెం దెబ్బతినిందంతే గదప్పా, మీ తమ్మునిది నేలమట్టమంట" అన్నాడు గుమస్తా. చిన్నాయన తలెత్తలేదు.

దారిలో నాయన నన్ను తిట్టలేదు. "ఇంగ్లీషు ఇంకా బాగా నేర్చుకోమ్మా" అన్నాడు.

ఎవరి దగ్గర అని అడగలేకపోయినాను.