హాల్ దొరికింది

మా పెద్దమ్మ ఇల్లు చిలకలగూడలో, సికింద్రాబాద్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉండేది. ఆవిడ గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడి మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తొంభైల మొదట్లో, యూనివర్సిటీలో ఫిజిక్స్ పరిశోధన చేసే రోజుల్లో, నేను ఆవిడ దగ్గరే ఉండేదాన్ని. ఇంట్లో ఫోన్ లేదు. వీధి చివర ఫంక్షన్ హాల్ నడిపే ఆయన ఆఫీసులో ఒకటుండేది. వీధిలో సగం మందికి అదే పి.పి. నంబరు. ఎవరికి ఫోనొచ్చినా ఆయనే గేటు దాకా వచ్చి కేకేసి పిలిచేవాడు. దానికి ఎవరి దగ్గరా ఏమీ ఆశించలేదు. కాకపోతే మనం మాట్లాడినంతసేపూ ఎదురుగా కూర్చుని శ్రద్ధగా వినేవాడు.

నా కష్టాలన్నీ ఆ శ్రద్ధ వల్లే మొదలయ్యాయి.

నేను పని చేస్తున్నది క్వాంటం హాల్ ఎఫెక్ట్ మీద. మా గైడుగారి స్నేహితుడొకాయన విదేశం నుంచి పంపిన స్ఫటికం ముక్క ఒకటి మా దగ్గరుండేది. వేలిగోరంత ముక్క. అందులో రెండు రకాల పదార్థాలు అతుక్కున్న చోట ఎలక్ట్రాన్లు పలచని పొరగా పరుచుకుని ఉంటాయి. అవి ఆ పొరలో ఎటైనా తిరగగలవు గానీ పైకి లేవలేవు, కిందికి దిగలేవు. ముక్క పొడవునా కరెంటు పంపి, మీద నుంచి అయస్కాంత క్షేత్రం పెడితే, అడ్డంగా కొంత వోల్టేజి పుడుతుంది. దాన్ని మొదట కనిపెట్టినాయన ఇంటిపేరు హాల్ కాబట్టి దానికి హాల్ వోల్టేజి అని పేరు. అయస్కాంత బలం పెంచేకొద్దీ అది తిన్నగా పెరుగుతూ పోవాలి. కానీ ముక్కని విపరీతంగా చల్లబరిస్తే తిన్నగా పెరగదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒక్కో మెట్టు ఎత్తుని కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె ముందే ఎవరో రాసిపెట్టినట్టుంటుంది. ముక్క పెద్దదైనా చిన్నదైనా, వంకరగా కోసినా, ఏ ఊళ్ళో కొలిచినా అదే అంకె.

ఇంకో విషయం గైడుగారు బోర్డు మీద గీసి చూపించినా నాకు చాలాకాలం మింగుడు పడలేదు. ముక్కలో కాస్త మలినం, కాస్త లోపం ఉంటేనే ఆ మెట్లు వెడల్పుగా నిలబడతాయట. అంతా శుద్ధంగా ఉంటే మెట్లు ఉండవు, గీత మళ్ళీ తిన్నగా పోతుంది. గ్లాసు రెండుసార్లు కడిగితే తప్ప నీళ్ళు తాగని దాన్ని నేను. మలినం వల్ల మేలు జరుగుతుందంటే ఎలా నమ్మను?

ముక్క చల్లబడాలంటే ద్రవ హీలియం కావాలి. అది బెంగుళూరు నుంచి రైల్లో వచ్చేది, డివార్ అనే పెద్ద ఫ్లాస్కులో. చూడ్డానికి నడుమెత్తు పాల క్యానులా ఉంటుంది. కదిలినా, ఎండ తగిలినా, ఊరికే ఉన్నా సరే, లోపలి హీలియం ఆవిరైపోతూనే ఉంటుంది. మొదటిసారి తెప్పించినప్పుడు ముక్కకి అతికించిన తీగలు చలికి ఊడిపోయాయి. రెండోసారి డివార్ పార్సిల్ ఆఫీసు బయట ఎండలో సగం రోజు ఉండిపోయి, ల్యాబ్‌కి చేరేసరికి అడుగున గుక్కెడు మిగిలింది. మూడోదే ఆఖరిది. గైడుగారు మూడు నెలల్లో రిటైరవుతారు, నా ఫెలోషిప్ అంతకంటే ముందే అయిపోతుంది. ఈసారి మెట్టు కనిపించకపోతే థీసిస్ లేదు. గుంటూరు వెళ్ళి మా నాన్న చూసిపెట్టిన బడిలో చేరాలి.

రెండోసారి పని చెడిన రోజున గైడుగారు ఢిల్లీలో ఉన్నారు. పి.పి. నంబరుకి ఫోన్ చేశారు. లైను సరిగా లేక నేను గొంతు చించుకుని అరిచాను. "హాల్ దొరకలేదు సార్. ఎంత ప్రయత్నించినా హాల్ దొరకలేదు."

ఫోన్ పెట్టి చూస్తే ఎదురుగా ఫంక్షన్ హాల్ ఆయన ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా, గింత పెద్ద హాలు కండ్ల ముంగట పెట్టుకొని దొరకలేదంటవ్? నన్నడిగినవా? ఏ తారీఖు కావాలె?" అని పెళ్ళిళ్ళ డైరీ తీశాడు.

"ఆ హాల్ కాదు అంకుల్. అది మనిషి పేరు," అన్నాను.

"అట్లనా. పిల్లగాని పేరా?"

అసలే మండిపోతున్నాను. "ఆఁ, పిల్లగాడి పేరే," అని విసురుగా లేచి వచ్చేశాను. నోటి దురుసు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఆ గురువారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. చివర్లో అందరూ తమ విన్నపాలు చెప్పుకుంటారు. ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి ట్రాన్స్‌ఫర్. పెద్దమ్మ లేచి, "మా అమ్మాయికి ఈసారైనా హాల్ దొరకాలని ప్రార్థించండి," అంది. ఆవిడకి సంగతి తెలుసు, వివరించాలని తోచలేదు. ఇరవై మంది కళ్ళు మూసుకుని నాకు హాల్ దొరకాలని ప్రార్థించారు. ఆదివారానికల్లా వీధిలో కథ తయారైంది. టీచరమ్మ గారి అమ్మాయికి రైల్వే క్వార్టర్సులో ఉండే ఆంగ్లో ఇండియన్ కుర్రాడితో పెళ్ళి కుదిరింది, పేరు హాల్, ఇప్పుడు మొహం చాటేశాడు. పాలమ్మాయి కూడా నా వంక జాలిగా చూసేది. కూరగాయలాయన అడగకుండానే కొసరు వేసేవాడు. వీళ్ళకి వేరే పని లేదా అని పెద్దమ్మ మీద ఎగిరాను. "పోనీలేవే, నీ కోసం ప్రార్థన చేసేవాళ్ళని తిట్టకు," అంది ఆవిడ.

మూడో డివార్ వచ్చిన రోజున ఊళ్ళో ఆటోల సమ్మె. యూనివర్సిటీ వ్యాను బ్రేకులు పోయి షెడ్డులో ఉంది. ఎనిమిదింటికి బండి దిగిన డివార్ పక్కన ప్లాట్‌ఫారం మీద నేనొక్కదాన్నే నిలబడ్డాను. దాని మూతి దగ్గర సన్నగా తెల్లటి ఆవిరి పోతోంది. అది పోతున్నంతసేపూ నా చదువు పోతున్నట్టే ఉంది. పక్కనే ఉన్న బూత్‌లోంచి పెద్దమ్మని పిలవమందామని ఆ నంబరుకే చేశాను. ఆయన గొంతు వినగానే ఏడుపు ఆగలేదు.

"హాల్ పోతోంది అంకుల్. స్టేషన్ దాకా వచ్చి ఇక్కడే పోతోంది. తీసుకెళ్ళడానికి బండి లేదు."

"పరేషాన్ కాకు బిడ్డా. నువ్వు ఆడనే ఉండు. పోనియ్యకు, గట్టిగ పట్టుకో. నేనొస్తున్న."

పది నిమిషాల్లో ఫంక్షన్ హాల్ వ్యానుతో వచ్చాడు. వంట గుండిగలు మోసే ఇద్దరు మనుషుల్ని కూడా తెచ్చాడు. వాళ్ళని ఎందుకు తెచ్చాడో నాకు తర్వాత అర్థమైంది. ప్లాట్‌ఫారం అంతా కలయజూసి, "ఏడి?" అన్నాడు. నేను డివార్ వైపు చూపించాను.

"గిదా?"

"ఇదే అంకుల్."

ఏడుస్తూనే నాలుగు ముక్కల్లో మొత్తం చెప్పాను. ఆయన డివార్‌ని చూశాడు, నన్ను చూశాడు.

"అయితే పిల్లగాడు లేడు."

"లేడు."

"పెండ్లి సుత లేదు."

"లేదు అంకుల్."

తిడతాడనుకున్నాను. తిట్టినా అందులో న్యాయం ఉంది.

"సరే తియ్. ఎండ ఎక్కక ముందే పోదాం. దీన్ని ఎట్ల పట్టుకోవాలె, జెర చెప్పు," అన్నాడు.

వ్యానులో మర్నాటి పెళ్ళికి మగపెళ్ళివారి విడిదిలో వెయ్యాల్సిన పరుపులున్నాయి. డివార్‌ని నిలువుగా నిలబెట్టి, చుట్టూ ఆ పరుపులు దోపి, ఇద్దరు మనుషులూ చెరోవైపు పట్టుకున్నారు. సీతాఫల్‌మండి మీదుగా యూనివర్సిటీకి ఆయనే నడిపాడు. గతుకు వచ్చినచోటల్లా దాదాపు ఆపేసి, మెల్లగా దాటించేవాడు. దారిలో ఆ మెట్ల సంగతి ఏమిటని అడిగాడు. నాకు తోచినట్టు చెప్పాను.

"బన్సీలాల్‌పేట్ల మా తాత ఇంటికాడ మెట్లబావి ఉండె. ఇప్పుడంతా చెత్తతోని నిండిపోయింది. చిన్నగున్నప్పుడు దిగేటోళ్ళం. ఒక మెట్టు మీద ఈ కొసకు నిలబడు, ఆ కొసకు నిలబడు, నీళ్ళు మోకాళ్ళ దాంకనే. ఇంకో మెట్టు దిగితే నడుము దాంక. నడిమిట్ల లేదు. గదేనా?"

"అదే అంకుల్," అన్నాను. గైడుగారి బోర్డు మీద బొమ్మలకన్నా నాకు అదే బాగా అర్థమైంది.

డివార్ నిండుగానే చేరింది. ఆయన మనుషుల్ని పంపేసి తను మాత్రం ఉండిపోయాడు. చూసి పోతానన్నాడు. గైడుగారు ఒక స్టూలు చూపించారు. హీలియం ఎక్కించి, అయస్కాంతాన్నీ ముక్కనీ చల్లబరిచేసరికి మధ్యాహ్నం మూడైంది. అయస్కాంత బలం మెల్లగా పెంచడం మొదలుపెట్టాను. గ్రాఫు కాగితం మీద రికార్డర్ పెన్ను ఏటవాలుగా పైకి గీసుకుంటూ పోతోంది. తిన్నని గీత. నా కళ్ళు మాత్రం హీలియం మట్టం మీదే ఉన్నాయి. ఎంతసేపు ఉంటుందో, ఎప్పుడు అయిపోతుందో.

"బిడ్డా, నీ పెన్ను ఖరాబైనట్టుంది. మీదికి పోతలేదు, పక్కకే పోతున్నది," అన్నాడు వెనకనుంచి.

కాసేపు నోరుమూసుకుని కూర్చోలేరా అనబోయి కాగితం వైపు తిరిగాను. పెన్ను పక్కకే పోతోంది. అయస్కాంత బలం పెరుగుతూనే ఉంది. పెన్ను మాత్రం పైకి కదలడం లేదు. గైడుగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. వోల్టేజిని కరెంటుతో భాగించి చూశాను. ఆరువేల నాలుగువందల యాభై చిల్లర ఓములు. ఆ మెట్టు అక్కడే ఉండాలి. పెన్సిల్ చేతిలోంచి జారి కింద పడింది. ఆయన వంగి తీసి ఇచ్చాడు.

"మెట్టేనా?"

"మెట్టే అంకుల్."

హీలియం ఉన్నంతసేపట్లో దాని పై మెట్టు కూడా వచ్చింది, సరిగ్గా రెట్టింపు ఎత్తులో. ఆ మొదటి మెట్టుని మా ల్యాబ్‌లో ముందు చూసింది నేను కాదు, ఆయన. ఆ రోజు స్టేషన్‌కి వచ్చింది కూడా నా శాస్త్రం కోసం కాదు, ఎవరో కుర్రాడు నన్ను వదిలేసి పోతున్నాడనుకుని. వీధి వీధంతా అనుకున్న ఆ తప్పు లేకపోతే, నేను శుద్ధంగా అందరికీ అంతా విడమరిచి చెప్పి ఉంటే, ఆ ఫోన్‌కి ఎవరైనా అలా పరిగెత్తుకొచ్చేవారా అని ఇప్పటికీ అనిపిస్తుంది. మలినం సంగతి నాకు ఆ సాయంత్రమే మింగుడు పడింది.

పెద్దమ్మ కృతజ్ఞత కూడిక పెడతానంది. మా ఇల్లు చాలదని ఆయన తన హాలే ఇచ్చాడు. వెళ్ళి చూద్దును కదా, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లు పెట్టే బోర్డు మీద, బంతిపూల అక్షరాలతో ఒకవైపు నా పేరు, ఒకవైపు "హాల్". పాస్టరుగారు రెండుసార్లు చదువుకున్నారు. పెద్దమ్మ కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. నేను మొదటిసారి ఆ వీధి మీద కోపం తెచ్చుకోకుండా కూర్చున్నాను.

థీసిస్ పూర్తయింది. మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది కదా, అందులో గైడుగారికి, విదేశం నుంచి ముక్క పంపిన ఆయన స్నేహితుడికి, హీలియం ఇచ్చిన వాళ్ళకి, టైపు చేసినాయనకి అందరికీ చెప్పాను. అంకుల్ పేరు రాయలేదు. పరీక్షకులు ఫంక్షన్ హాల్ యజమాని పేరు చూసి ఏమనుకుంటారో అనిపించింది. అంతే కారణం. ఆ కారణానికి నాకు ఈనాటికీ సిగ్గుగానే ఉంది.

బైండు చేయించిన కాపీ పట్టుకెళ్ళి చూపించాను. ఆయనకి ఇంగ్లీషు పేర్లు కూడబలుక్కుని చదవడం వచ్చు. కృతజ్ఞతల పేజీ మీద వేలు పెట్టి, పేరు పేరునా దిగుతూ చివరిదాకా వచ్చాడు. మళ్ళీ పైనుంచి చూశాడు.

"అంకుల్, అందులో మీ..." అన్నాను.

ఆయన పుస్తకం మూసి, అట్ట మీద బంగారు రంగు అక్షరాల దగ్గర వేలు పెట్టాడు. క్వాంటం, హాల్, ఎఫెక్ట్. నడిమి మాట దగ్గర వేలు ఆగింది.

"గిది నాదే గద. గింత పెద్దగ అట్ట మీదనే రాస్తివి. ఇంక లోపలెందుకు బిడ్డా," అన్నాడు.

నిజంగా అలాగే అనుకున్నాడో, నా ముఖం చూసి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.