అందరి ప్రశ్నలూ రాసుకున్న గుమాస్తా

మా మిల్లుల పెద్ద గుమాస్తా పోయిన సోమవారం సూర్యాపేటలో తన ఇంట్లో చనిపోయారు. పొద్దున్నే చాయ్ తాగి, చొక్కా వేసుకుని, మంచం అంచున కూర్చుని అలాగే ఒరిగిపోయారట. నాకు మధ్యాహ్నం గానీ తెలియలేదు. మూడు ఊళ్లలో రైస్ మిల్లులున్నా ఏ సంగతైనా నాకు ఆలస్యంగానే చేరుతుంది. దానికి ఉపాయం చూడమని ఒకప్పుడు నేను ఆయనకే అప్పజెప్పాను.

అప్పట్లో మిర్యాలగూడ ఆఫీసుకు హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి, పోర్టల్ అనే సాఫ్ట్‌వేర్ చూపించారు. మూడు మిల్లుల ధాన్యం నిల్వ, లారీలు, రేట్లు, ఆర్డర్లు అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయన్నారు. ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్లు ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చన్నారు. మా వారు పోయాక మిల్లుల బాధ్యత నాది. అది మన వ్యాపారానికి పనికొస్తుందో లేదో తేల్చమని పెద్ద గుమాస్తాకు నెల గడువిచ్చాను.

ఆయన కంప్యూటరు జోలికి పోలేదు. ఒక పొడవాటి నోటుబుక్కు కొని, మూడు మిల్లుల్లోనూ పదేసి రోజులు ఫోను పక్కన కూర్చున్నారు. ఎవరు ఫోన్ చేసి ఏమడిగారో, ఎవరు జవాబు చెప్పారో, ఆ జవాబు వాళ్లకెలా తెలిసిందో రాసుకున్నారు. మనిషికో పేజీ. మఠంపల్లి లారీ డ్రైవరుకొకటి, నడిగూడెం రైతుకొకటి. జవాబు దొరకని ప్రశ్న కింద రెండు గీతలు.

కోదాడలో ఫోన్లెత్తే ఆమెకు విసుగొచ్చిందట. "ఏంటి సార్, అమ్మగారు నా మీద కాపలా పెట్టారా?"

"నీ మీద కాదు బిడ్డా, నీ నోట్లున్న జవాబుల మీద. అవన్ని ఆ డబ్బాల పడ్తయా లేదా అని సూస్తున్న" అన్నారట.

నెల తిరగ్గానే వచ్చి నా ఎదుట నిలబడ్డారు. నేను ఆయన్ని ఏనాడూ కూర్చోమనలేదు.

"అమ్మా, వాళ్ల సరుకు మంచిదే. కానీ మనకు సూపెట్టింది వాళ్లు రాసి తెచ్చుకున్న లెక్క. కోదాడ గేటు కాడ, కరెంటు పోయినంక, మన వడ్ల లెక్కతోని సూపెట్టమనుండ్రి. అప్పుడు తెలుస్తది."

"అంత తతంగం ఎందుకు? లాభమా, కాదా? అది చెప్పండి."

"రోజూ దాంట్ల రాసేటోళ్లుంటే లాభమే. ఫోన్లెత్తేటోళ్లను తీసేస్తే జీతాలు మిగులుతయని వాళ్ల కాయితంల ఉన్నది. ఆళ్లను తీసేస్తే ఇగ దాంట్ల ఏసేదెవరమ్మా? కాంటా నడుస్తుందా, హమాలీలొచ్చిండ్రా, తడిసిన వడ్లు దించుకుంటరా, రైతు అడిగేది గివే. గివి ఆ తెర మీద లేవు."

తర్వాత నోటుబుక్కు నా ముందు తెరిచి పెట్టారు. పేజీ పైన 'యజమానురాలు' అని రాసి ఉంది. కింద ఏమీ లేదు.

"నెల రోజులల్ల మీరు ఏ మిల్లునూ ఒక్క మాట అడగలేదమ్మా. మరి ఈ తెర ఎవరి కోసం కొంటున్నమో నాకు సమజ్ కాలే."

ఇంట్లో మనవల చేత కూడా ఎదురు మాట పడని మనిషిని. "మీ పని అయిపోయింది, వెళ్లండి" అన్నాను. మరుసటి వారం ఒప్పందం మీద సంతకం చేశాను. మూడు చోట్లా ఫోన్ల దగ్గరి మనుషుల్ని తీసేశాను.

మొదటి పంటకు కంపెనీవాళ్లే దగ్గరుండి లెక్కలు ఎక్కించారు కాబట్టి తెర నిండుగానే ఉంది. వాళ్లు వెళ్లాక అంకెలు కదలడం మానేశాయి. కోదాడ నిల్వ మూడు వారాల పాటు ఒకే అంకె చూపించింది. దాన్ని నమ్మి లారీలు పంపాను, ఖాళీగా తిరిగొచ్చాయి. రైతులు గేటు దాకా వచ్చి, కాంటా ఆగిందని తెలిసి, తిట్టుకుంటూ వేరే మిల్లుకు మళ్లారు. మళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. మీరు చెప్పిందే నిజమైందని నేను ఆయనతో ఒక్కసారైనా అనలేదు. ఆయనా గుర్తుచేయలేదు. వయసైందని చెప్పి పని మానుకున్నారు.

కొందరు రైతులు మాత్రం ఇంకా మా గేటుకే ఎందుకు వస్తున్నారో ఆయన పోయాక పరామర్శకు ఇంటికి వెళ్లిన రోజు తెలిసింది. వాళ్ల దగ్గరున్నది ఆయన సెల్ నంబరు. రోజూ పొద్దున ఆయన కోదాడ హమాలీ మేస్త్రీకి ఫోన్ చేసి అన్నీ కనుక్కుని, ఆ తర్వాత అడిగినవాళ్లకల్లా చెప్పేవారట. పని మానేసిన నాలుగేళ్లూ అదే పని.

"చొక్కా ఏసుకోనిదే ఫోన్ ఎత్తకపోయేటోడు" అన్నది ఆయన భార్య. "రైతుతోని బనీను మీద మాట్లాడుతమా అనేటోడు. తెలవకపోతే తెలవదని చెప్పాలె, నిన్నటి జవాబు చెప్పొద్దు అనేటోడు."

వచ్చే పంటకు కోదాడ మిల్లు తెరుస్తామన్న ఆశ నాకు లేదు. ఆ మాట ఆమెతో అనలేక కూర్చున్నాను. అంతలో గూట్లో ఉన్న ఆయన సెల్ మోగింది. ఆమె తీసి నా చేతికిచ్చింది. "మీ మిల్లు సంగతే అయి ఉంటదమ్మా."

"సారూ, నడిగూడెం నుంచి. ట్రాక్టర్ల వడ్లు ఏసిన. ఇయ్యాల కోదాడల కాంటా నడుస్తుందా?"

"నేను మిల్లు యజమానురాలిని" అన్నాను. "నాకు తెలియదు."

"మీకు తెల్వదు గనీ, జర సారుకియ్యుండ్రి అమ్మా" అన్నాడు.

నేను సెల్ చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాను. అతను ఫోన్ పెట్టేయలేదు. సారు వచ్చి చెబుతారని ఆగినట్టున్నాడు. అవతల ట్రాక్టరు ఇంజను కొట్టుకుంటూనే ఉంది.