అవ్వ నా దగ్గర దాచిన డబ్బు

పోయిన వారం మేడ్చల్ కోర్టులో కొత్తగా నల్లకోటు తొడిగిన పిల్లలు నలుగురు నా దగ్గరికొచ్చి, క్లయింటు సొమ్ము విషయంలో వకీలు ఎలా మసలుకోవాలో పెద్దవారు మీరు నాలుగు ముక్కలు చెప్పాలి సార్ అని అడిగితే, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ విషయంలోనే నేను ఏడాదిపాటు సస్పెండయి ఇంట్లో కూర్చున్నవాణ్ణని పాపం వాళ్ళకేం తెలుసు? నా ఈడు వకీళ్ళకు తెలుసు గానీ, మర్యాదకొద్దీ ఎవరూ ఆ మాట ఎత్తరు.

అప్పట్లో అల్వాల్‌లో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. గౌడవెల్లి నుంచి కూలిపని చేసుకునే ఒక అవ్వ వచ్చేది. ఆమె పెద్దకొడుకు జీడిమెట్లలో డ్యూటీకి బైకు మీద పోతుంటే లారీ గుద్ది చనిపోయాడు. కోడలు అంతకు ముందే పోయింది, మిగిలింది ఒక్క మనవరాలు. నష్టపరిహారం కేసు నాలుగేళ్ళు నడిపి గెలిపించాను, బాగానే వాదించాను కూడా. వచ్చినదాంట్లో మూడో వంతు ఫీజుగా పట్టుకున్నాను. అలా వాటా తీసుకోవడం మా వృత్తిలో తప్పు, కానీ అందరూ తీసుకోవట్లేదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మిగతాది చేతికివ్వబోతే అవ్వ వద్దంది. "ఇంటికి దీస్కపోతె నా చిన్నకొడుకు తాగి తగలేస్తడు సాబ్, పిల్ల నర్సు సదువుకు ఫీజు గట్టేదాక మీ తాననే ఉంచుండ్రి" అంది.

ఉంచాను, నా ఖాతాలో, నా డబ్బుతో కలిపి. ఆ వేసవిలోనే మేం పైన రెండు గదులు వేస్తున్నాం, స్లాబుకు తక్కువైంది, మేస్త్రీ ఒకటే గోల. రెండు నెలల్లో సర్దేస్తాలే అనుకుని అవ్వ సొమ్ము వాడేశాను. దొంగతనం అన్న మాటే తట్టలేదండీ! ఫీజు గడువు దగ్గర పడ్డాక అవ్వా మనవరాలూ వస్తే రేపన్నాను, సోమవారం అన్నాను, చివరి రోజు ఇంట్లో లేనని మా ఆవిడ చేత చెప్పించి లోపలి గదిలో నక్కాను. పిల్లకు సీటు పోయింది.

బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాసింది ఆ పిల్లే, నోటుపుస్తకం కాగితం మీద, ఒక్క తిట్టు లేకుండా. క్రమశిక్షణ కమిటీ ముందు అంతా ఒప్పుకున్నాను. ఎక్కువ పట్టిన ఫీజుతో, వడ్డీతో సహా కట్టమన్నారు, ఏడాది కోర్టులో వాదించకూడదన్నారు. బయట వరండాలో అవ్వ నన్ను చూసి మనవరాలిని అడిగింది, "ఏడాది పని లేకపోతె సాబు ఇంట్ల ఏం దింటరే?" అని. సిగ్గుతో చచ్చిపోయాను.

మా ఆవిడ గాజులు అమ్మి మొత్తం కట్టేశాం. అప్పటికే ఆ పిల్ల జీడిమెట్లలో మాత్రల ప్యాకింగులో చేరింది. మళ్ళీ చదువుకోమ్మా అని కబురు పంపితే, అవ్వకు చేతగావట్లేదు, ఇల్లు గడవాలె అందట. ఇక నర్సు కాలేదు.

ఇప్పుడు పరిహారం తిన్నగా కక్షిదారు ఖాతాలోనే పడుతుంది, ఫీజు ముందే మాట్లాడుకుంటారు, రసీదు అడిగి మరీ తీసుకుంటారు. మమ్మల్ని ఎవరూ నమ్మట్లేదు సార్ అని కుర్ర వకీళ్ళు నొచ్చుకుంటారు. కడుపున పుట్టిన కొడుకును కాదని ఒక ముసలామె తన వకీలును నమ్మిన రోజులుండేవంటే వాళ్ళకు వింతగా ఉంటుంది. నిజంగానే ఉండేవి. వాటిని పోగొట్టినవాళ్ళలో నేనొకణ్ణి.