నా నోట్సులో ఇరవై

నాంపల్లి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న ముప్పై ఏళ్ళావిడ విసుగ్గా ఒక జిరాక్సు నోట్సు నా ముందు పెట్టింది.

"సార్, మీకు సీ లాంగ్వేజ్ వస్తదా? జర గిది చూడున్రి."

ఆబిడ్స్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో నేను చెప్పేది అదే. ఆ నోట్సు నాదే, పైన పేరు మాత్రం లేదు.

పది, ఇరవై అనే వరుసలో p అనే పాయింటర్, అంటే చోటు చూపే గుర్తు, పదిని చూపిస్తోంది. ++ దాన్ని ఒక చోటు ముందుకు జరుపుతుంది. అయితే *p++ విలువ ఎంత? ఇరవై అని రాశాను.

"కంప్యూటర్ల కొడితే పది వస్తది. ఉన్నదాన్ని ఇచ్చినంకనే పాయింటర్ జరుగుతది. ఇరవై కావాల్నంటే *++p రాయాలె. దీన్ని నమ్మి పోయిన నెల టెస్టు రాసిన. ఒక్క మార్కుతోని ఉద్యోగం పోయింది."

"అచ్చుతప్పేమో," అన్నాను. నాదే అనడానికి నోరు రాలేదు.

"అచ్చుతప్పయితే కింద వివరణ గూడ గట్లనే ఎందుకుంటది? రాసినాయన ఒక్కసారన్న నడిపి చూసిండా?"

చూడలేదు. ఏళ్ళ తరబడి బోర్డు మీదే చెప్పాను.

రైలు వచ్చింది. ఆమె ఇరవై కొట్టేసి, పది అని రాసి, కాగితాలు నా చేతిలో పెట్టింది. "నాకింక పనికిరావు. ఎవరికన్న ఇయ్యున్రి."

మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకున్నాను. "ఎప్పుడు తెలిసింది సార్?" అని ఒకమ్మాయి అడిగింది.

"నిన్ననే," అన్నాను. రెండేళ్ళ కిందట ఒక విద్యార్థి లేచి పదే వస్తుందంటే, "పాఠం నువ్వొచ్చి చెప్తావా?" అని అందరూ నవ్వేలా కూర్చోబెట్టాను. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.